వెనక తెడ్డు పట్టేవాడేడీ?

మా రోజుల్లో పడవ ఎక్కడమంటే పనుండి ఎక్కడం. సంతకో, ఆసుపత్రికో, అవతలి ఒడ్డున ఇచ్చిన ఆడపిల్లని చూడ్డానికో. ఇప్పుడు మీరు సరదాకి ఎక్కుతున్నారు. సరదా తప్పని నేననను. కాని మీరు తెడ్డు వేసే తీరు ఉంది చూశారూ, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. డిసెంబరు చలికి విశాఖపట్నం నుంచి బస్సులకి బస్సులు కట్టుకుని అరకు, లంబసింగి, తాజంగి అంటూ ఎక్కొస్తారు. నారింజ రంగు చొక్కాలు తొడుక్కుంటారు. ప్లాస్టిక్ పడవల్లో కూలబడి, రెండు కొసలా పలకలున్న తెడ్డుతో కుడీ ఎడమా నీటిని బాదుతారు. పడవ ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. దానికి కేకలూ, చప్పట్లూ, ఫోటోలూ. నీటిని బాదితే పడవ కదలదు నాయనా, నీరు చెదురుతుంది, అంతే. ఈ మాట మా కొండల్లో ఏడేళ్ల గుంటడికి కూడా తెలిసేది. ఇప్పుడు మా కొండల్లోని ఏడేళ్ల గుంటడికే తెలియడం లేదు, నా బాధంతా అది.

మీకు మా నీళ్ల సంగతి కాస్త చెప్పాలి. అరకు అంటే మీకు రైలు, బొర్రా గుహలు, బొంగులో చికెన్, కాఫీ. అరకు దాటి పడమరకి ముంచింగిపుట్టు, పెదబయలు వైపు వెళ్తే అక్కడ మత్స్యగెడ్డ ఉంది. మాడుగుల కొండల్లో పుట్టి, హుకుంపేట మండలంలో మత్స్యగుండం దగ్గర శివుడి ముంగిట ఒక్క క్షణం ఆగి (ఆ గుండంలో చేపల్ని ఇవాళ్టికీ ఎవరూ పట్టరు, పూజిస్తారు), అక్కణ్నించి పాయలు పాయలుగా విడిపోయి ఆంధ్రాకీ ఒడిశాకీ సరిహద్దుగా సాగుతుంది. బయటివాళ్లు దాన్నే మాచ్‌ఖండ్ నది అంటారు. డుడుమ దగ్గర అయిదు వందల అడుగులకి పైనుంచి ఒక్కసారిగా దూకి, కిందికి పోయాక సీలేరు అని పేరు మార్చుకుని, మోటు దగ్గర శబరిలో కలిసి, ఆ శబరి కూనవరం దగ్గర గోదారిలో పడుతుంది. అంటే మా గుమ్మం ముందు నీళ్లే రాజమండ్రి పుష్కరాల రేవులో మీరు మునిగే నీళ్లన్నమాట. మాకు ఏం మిగిలిందో మీకూ అదే మిగిలింది, కాకపోతే మీకు కాస్త మురికి కలిసి వస్తుంది.

ఆ ఏటికి జోలాపుట్టు దగ్గర అడ్డంగా ఆనకట్ట కట్టారు. 1955లో బాబూ రాజేంద్రప్రసాద్ గారు వచ్చి మాచ్‌ఖండ్ కరెంటు కేంద్రాన్ని ప్రారంభించారు. అప్పుడు నేను ఇంకా అమ్మ చంకలో ఉన్నాను. నిండితే 2750 అడుగుల మట్టం, 34 టీఎంసీల నీరు. ఆ నీటి కింద పల్లపు పొలాలూ ఊళ్లూ మునిగిపోయాయి. పైన మిగిలినవాళ్లకి నిన్నటిదాకా కాలినడకన పోయే పక్క ఊరు తెల్లారేసరికి అవతలి ఒడ్డయిపోయింది. కరెంటు తీగలు మా నెత్తిమీదుగా పోయాయి. దీపం మాత్రం చాలా ఏళ్లపాటు కిరసనాయిలుదే. ఆ గొడవ ఇప్పుడొద్దులే, మొదలెడితే తెడ్డు సంగతి అక్కడే ఆగిపోతుంది. చెప్పొచ్చేదేమిటంటే, ఆనకట్టకి ముందు మావాళ్లకి పడవ వానాకాలపు అవసరం. ఆ తరవాత పన్నెండు నెలల అవసరం. గెడ పట్టి నెట్టుకునే ఏరు పోయి, గెడకి అడుగు అందని లోతు వచ్చింది. దాంతో తెడ్డు చేతికొచ్చింది. మా పెద్దలు ఆ విద్యని ఒక్క తరంలో నేర్చి, కొడుకులకీ కూతుళ్లకీ నేర్పేశారు. మీ తరం ఒక్కసారిగా వదిలేసింది. నేర్చుకోవడానికి పట్టినంత కాలం కూడా పట్టలేదు వదిలెయ్యడానికి!

పడవ అంటే మీ కళ్లముందు ఏముందో నాకు తెలుసు. మాకు పడవంటే ఒక మామిడి మాను. పేపరువాళ్లు నాటు పడవ అంటారు, మైదానం వాళ్లు దోనె అంటారు, మా ఆదివాసీ ఒరియాలో డొంగా. ఆ మానుని ఎంచడమే ఒక పూట పని. వంకర లేనిది, నడుమ తొర్ర పట్టనిది, ఇద్దరు చేతులు చాపి పట్టుకుంటే గాని అందనిది కావాలి. నరికిన చోటే పైచెక్కు తీసేసి, బాడిసతో లోపల తొలిచేవాళ్లు. ఎక్కడ చెక్క మొండికేస్తే అక్కడ సన్నగా నిప్పు రాజేసి, కాలిన మేరకు గీకేవాళ్లు. మా తాత అడుగుభాగం మందం చూడ్డానికి కొలబద్ద వాడడం నేనెప్పుడూ చూడలేదు. బయట వేలి కణుపుతో తట్టి, లోపల అరచెయ్యి ఆనించి వినేవాడు. "ఇక్కడ ఇంకా బరువుంది" అనేవాడు, బాడిస అక్కడికే వెళ్లేది. పలచనైతే రాయి తగిలి చిల్లుపడుతుంది, మందమైతే ఏనుగుని మోసుకుతిరిగినట్టే. పగుళ్లకి గుగ్గిలం కరిగించి నూనెతో నూరి పూసేవాళ్లు. పడవలో చేరిన నీళ్లు తోడడానికి ఎండిన ఆనపకాయ బుర్ర. ఇప్పుడు రేకు పడవలొచ్చాయి, ఫైబరు పడవలొచ్చాయి. తేలికగా ఉంటాయి, చెట్టు కొట్టక్కర్లేదు, నిజమే. ఇన్ని పడవలకి ఇన్ని మామిడి మాన్లు ఇప్పుడెక్కడ దొరుకుతాయని మా అబ్బాయి అడిగితే నా దగ్గర జవాబు లేదు. అయినా రేకు పడవ మీద తెడ్డు తగిలితే వచ్చే ఆ డబ్బాచప్పుడు నా చెవికి ఈ జన్మలో అలవాటు కాదు.

ఒంటి దోనె దొర్లుతుంది. అలవాటు లేనివాడు ఎక్కితే ఎక్కినట్టే అటునుంచి దిగుతాడు. అందుకని సంత రోజు రెండు దోనెల్ని పక్కపక్కన పెట్టి, మధ్యన జానెడో మూరెడో ఎడం ఉంచి, అడ్డంగా వెదురు బొంగులు వేసి, అడ్డతీగ నారతో బిగించి కట్టేవాళ్లు. సంగడి అంటే ఇదే. మేకు కొట్టేవాళ్లు కాదు. మేకు కొడితే కెరటానికి ఒక దోనె లేచి ఇంకోటి దిగినప్పుడు ఆ పట్టు చీలిపోతుంది. నార అయితే ఇస్తుంది, మళ్లీ తీసుకుంటుంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదని మీరు సామెత చెబుతారే, మా సంత మొత్తం రెండు పడవల మీదే కాళ్లు పెట్టి అవతలికి వెళ్లింది. పసుపు బస్తాలు, పిప్పలి, రాజ్మా గింజలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, మేకలు, చంకబిడ్డలు, ఒక్కోసారి పెళ్లిబృందం, డప్పులతో సహా.

ఇది మా ఒక్కరి తెలివేం కాదు. గోదారి జిల్లాల్లో నరసాపురం, సఖినేటిపల్లి రేవుల్లో కార్లూ లారీలూ ఎక్కించుకుపోయే పంటు చూశారా? రెండు పడవల మీద బల్ల పరిచినదే అది. రెండు వేల ఏళ్ల కిందట ఒక గ్రీకు వర్తకుడు మన సముద్రాల గురించి రాసిపెట్టిన పెరిప్లస్ అనే పుస్తకంలో, తూర్పు తీరంలో మానులు జోడించి కట్టిన సంగర అనే పెద్ద పడవల ప్రస్తావన ఉంది. శ్రీలంక జాలర్లు ఇంకో ఉపాయం పన్నారు. రెండో దోనెకి బదులు, వంపు కర్రల కొసన ఒక దుంగని పక్కగా, దూరంగా కట్టుకున్నారు. నికోబారు దీవుల వాళ్లదీ అదే పద్ధతి. పసిఫిక్ దీవుల వాళ్లదీ అదే. దోనె ఒకవైపు ఒరగబోతే దుంగ లేవనివ్వదు, ఇంకోవైపు ఒరగబోతే దుంగ మునగనివ్వదు. పక్కదుంగ అయినా జోడుదోనె అయినా లెక్క ఒకటే. ఒరగకుండా ఉండడానికి వెడల్పు కొనుక్కుంటాం, ఆ వెడల్పుకి ధర తిప్పడంలో చెల్లిస్తాం. ఒంటి దోనె తలుచుకోగానే తిరుగుతుంది. జోడు తిరగమంటే మొరాయిస్తుంది. ఏ దోనెలో బరువెక్కువైతే ఆ దోనె నీటిని ఎక్కువ పట్టి వెనక్కి లాగుతుంది, మొన అటే మళ్లుతుంది. పక్కదుంగ పడవ కూడా ఊరుకుంటే దుంగ ఉన్నవైపే లాగుతుంది. కొత్తగా కాడి కట్టిన ఎడ్ల జతని దున్నించినవాడికి ఇది చెప్పక్కర్లేదు. మీరు దున్నలేదు, అందుకని చెబుతున్నాను.

అందుకే వెనక కూర్చునేవాడికి అంత విలువ. మా రేవులో వెనక తెడ్డు మా పెదమావది. రేవు ఆయనకి జీతమివ్వలేదు. పంటలయ్యాక ఇంటికి కుంచెడు చోళ్లో సామలో ఇచ్చేవాళ్లు. ఏడాది పొడుగునా ఎన్నిసార్లు దాటినా అదే. ఎవరికైనా పంట పోతే ఆ ఏడు అడిగేవాడు కాదు. మనిషి సన్నగా ఉండేవాడు. మీరు ఇప్పుడు జిమ్ముల్లో పెంచుకునే కండలు ఆయనకి లేవు. కాని నలుగురు కుర్రాళ్లు ముందు కూర్చుని బలమంతా పెట్టి ఒకే పక్క తెడ్డు వేసినా, వెనక ఆయన ఒక్కడు మణికట్టు తిప్పితే జోడు సూటిగా పోయేది. ఆ మణికట్టు సంగతే మీకు చెప్పాలని ఇంతసేపూ ఈ సోదంతా.

శ్రద్ధగా వినండి. కూర్చోవడం కాదు, మోకాళ్ల మీద ఉండాలి, పిరుదులు మడమల మీద. బరువు ఎంత కిందుంటే పడవ అంత మాట వింటుంది. తెడ్డు పిడి తలమీద ఒక చెయ్యి, మెడ దగ్గర ఒక చెయ్యి. కుడివైపు వేస్తున్నావనుకో. చెయ్యి ముందుకి చాచి, తెడ్డుని నిటారుగా, చప్పుడు కాకుండా దించు. చప్పుడైందంటే గాలిని కూడా వెంట తీసుకెళ్లావని అర్థం. చేతులతో లాగకు, నడుము తిప్పి లాగు. తెడ్డు పడవ అంచుని ఆనుకునే రావాలి. అంచుకి దూరంగా లాగితే పడవ తిరుగుతుంది, ముందుకి పోదు. తెడ్డు నీ తుంటి దగ్గరికి వచ్చింది. పని అయిపోయిందని మీరు పైకి తీసేస్తారు. అసలు పని అక్కడే మొదలు. కుడివైపు లాగితే మొన ఎడమకి పోతుంది కదా, దాన్ని మళ్లీ సరిచెయ్యాలి. తుంటి దాటాక పైచేతి బొటనవేలు కిందికి పోయేలా తిప్పు. తెడ్డు పలక పడవకి సమంగా నిలబడుతుంది. దానితో నీటిని బయటికి ఒక్క రవ్వ నెట్టు. ఒక్క రవ్వే. మొన తిరిగి దారిలోకి వస్తుంది. అప్పుడు పైకి తియ్యి. ఇదంతా ఒక్క ఊపిరిలో అయిపోవాలి, చూసేవాడికి తెడ్డు తిప్పినట్టు కనపడకూడదు. మా పెదమావ ఇటువైపు మొదలుపెడితే అవతలి రేవు దాకా తెడ్డు పక్క మార్చేవాడు కాదు. మీరు రెండు పలకల తెడ్డు కొనుక్కున్నది ఈ ఒక్క రవ్వ నేర్చుకోలేకే.

గట్టిగా తిప్పాల్సి వస్తే వేరే విద్య. తెడ్డుని పడవకి దూరంగా పక్కకి చాచి దించి, నీటిని పడవ వైపు లాక్కోవాలి. వెనకవాడు కుడిపక్క లాక్కుంటే వెనకభాగం కుడికి జరిగి, మొన ఎడమకి తిరుగుతుంది. ముందువాడు అదే సమయానికి ఎడమపక్క లాక్కోవాలి. జోడులో అయితే ఒక దోనె వాళ్లు ముందుకి వేస్తుంటే ఇంకో దోనె వాళ్లు వెనక్కి వెయ్యాలి. ఎవరూ ఎవరినీ కేకేసి చెప్పేవాళ్లు కాదు. వెనకాయన తెడ్డుతో అంచుమీద ఒకసారి తట్టేవాడు, అంతే. ఈమధ్య హవాయి వాళ్ల పందెం పడవల వీడియో మా మనవడు చూపించాడు. ఆరుగురు ఒకరి వెనక ఒకరు, మధ్యలో ఒకడు కేక వేస్తే అందరూ ఒకేసారి తెడ్డు పక్క మారుస్తున్నారు, చిట్టచివర ఒకడు మాత్రం వాళ్లతో పనిలేకుండా తన తెడ్డుని అంచుకి ఆనించి దిశ చూసుకుంటున్నాడు. "చూశావా తాతా, ఎంత టెక్నికో" అన్నాడు. చూశానురా. మీ ముత్తాతల రేవులో పాసింజర్లతో, కోళ్లతో, జీతం లేకుండా జరిగిన పనే అది. వాళ్లు దానికి పందేలు పెట్టుకుని పిల్లలకి నేర్పుకుంటున్నారు. మనం నేర్పడం లేదు.

ఆడవాళ్లకి ఈ విద్య లేదనుకునేరు. మా మేనత్త పెదమావకంటే ఒక పాలు ఎక్కువే. గాలి లెక్క ఆమెకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఒంటరిగా దోనె వెనక కూర్చుంటే మొన పైకి లేస్తుంది, లేచిన మొనని గాలి పట్టి తనకిష్టమొచ్చిన వైపు తోసేస్తుంది. ఆవిడ ఒడ్డున ఒక రాయి ఎత్తి మొనలో పెట్టుకునేది. ఎదురుగాలైతే రాయి ముందుకి, వెనకగాలైతే తన దగ్గరికి. ఏ కాలేజీలోనూ చదవలేదు. వేసవి మధ్యాహ్నాలు కొండ దిగి గాలొస్తే జోలాపుట్టు మీద కెరటాలు లేస్తాయి. నల్లగా మెరుస్తూ దగ్గర దగ్గరగా వస్తాయి, సముద్రం కెరటాలంత పొడవుండవు. వాటిని పడవ డొక్కలో తగలనివ్వకూడదు, నేరుగా మొనతో గుద్దనూకూడదు, ఓరగా ఎక్కి ఓరగా దిగాలి. మా మేనత్త ఆ సమయానికి మాట్లాడ్డం మానేసేది. ఆవిడ మాట్లాడ్డం మానేస్తే మేం చంకల్లో కోళ్లని గట్టిగా పట్టుకునేవాళ్లం.

ఇక నీటి కింద ఏముందో అది వేరే పాఠం. జోలాపుట్టు కింద మునిగిన అడవి ఉంది. నిండుగా ఉన్నప్పుడు అన్నీ సమానమే. వేసవికి మట్టం తగ్గేకొద్దీ మోళ్లు నీటి పైకంటా వస్తాయి. పైకొచ్చిన మోడు కనపడుతుంది, తప్పుకోవచ్చు. బెత్తెడు లోపల ఆగిపోయిన మోడే ప్రాణాంతకం. ఆ మోడు ఎక్కడుందో మావాళ్లకి ఊరి లెక్కన తెలుసు. ఇక్కడ ఫలానావాళ్ల చింతతోపు, ఇక్కడ ఫలానా ఊరి గుడి చెట్టు అని. మునిగిన ఊరి పటం వెనక తెడ్డువాడి బుర్రలో ఉండేది. మునగకముందు ఆ చెట్ల కింద తిరిగినవాళ్లు చాలామంది ఇప్పుడు లేరు. ఆ పటం ఏ ఆఫీసులోనూ లేదు. చలికాలం పొగమంచులో పొద్దున్నే దాటాల్సి వస్తే పెదమావ మధ్యమధ్య గట్టిగా కూతవేసి ఆగేవాడు. కూతకి కొండ బదులు ఎంత త్వరగా ఇచ్చింది, ఏ పక్కనుంచి ఇచ్చింది అని వినేవాడు. మీ ఫోనులో పటం ఉంటుందని తెలుసు నాకు. మా పాయల్లో సిగ్నలు ఉండదని మీకు తెలుసా?

చుట్టాలింటికి కూనవరం వైపు వెళ్లినప్పుడు నేను కొండరెడ్ల పడవలు చూశాను. వాళ్లది పారే నీటి విద్య. నిలవ నీటి మనుషులం మేం నోరు తెరుచుకుని చూడాల్సినంత విద్య. వరదలో శబరి దాటేటప్పుడు మొన అవతలి రేవు వైపు పెడితే కాకినాడ పోతావు. మొన ఎగువకి పెట్టాలి, ఏటికి కాస్త ఓరగా. ఉరవడికి సరిపోయేంత మటుకే తెడ్డు వెయ్యాలి, ముందుకి పోవాలని ఆశపడకూడదు. అప్పుడు ఏరే నిన్ను పక్కకి నెట్టుకుంటూ అవతల దింపుతుంది. ఓర కొంచెం ఎక్కువైందా, మొనని ఏరు పట్టేసి తిప్పేస్తుంది. నీళ్లు చదవడమూ వాళ్ల దగ్గరే చూశాను. దిగువకి కొస చూపిస్తూ నున్నగా జారే నాలుక కనపడితే అది లోతు, దారి. ఎగువకి కొస చూపిస్తూ చీలిన నీరు కనపడితే ఆ కొసన రాయి ఉంది. రాయి వెనక నీరు వెనక్కి తిరుగుతూ ఉంటుంది, అక్కడికి మొన దూర్చి ఊపిరి తీసుకోవచ్చు. గెడ పట్టేవాళ్లకి ఇంకో మాట చెప్పేవాళ్లు: గెడ బురదలో దిగబడితే గెడని వదిలెయ్, పడవని వదలకు. 2019 సెప్టెంబరులో పాపికొండల దారిలో, కచ్చులూరు దగ్గర, వరద గోదారిలో పర్యాటకుల బోటు మునిగి పదులమంది పోయినప్పుడు నేను రెండు రోజులు అన్నం తినలేదు. మోటారు ఉన్నంత మాత్రాన నీటికి మన మీద గౌరవం పెరగదు. అంతకంటే ఆ విషయంలో మాట్లాడను.

మోటారు అంటే గుర్తొచ్చింది. ఇప్పుడు మా పాయల్లోనూ అక్కడక్కడా మోటారు పడవలు తిరుగుతున్నాయి. తొందరగా దించేస్తాయి. దించేస్తే ఏం, ఆ మిగిలిన సమయంలో ఏం చేస్తున్నారు? ఒడ్డున కూర్చుని ఫోను చూస్తున్నారు. తెడ్డు పడవలో దాటినంతసేపూ ఎవరింట్లో ఏం జరిగిందో, ఎవరి పిల్లకి ఎవరి పిల్లడు కుదురుతాడో, ఏ వర్తకుడు తూకంలో మోసం చేస్తున్నాడో అన్నీ తెలిసేవి. సగం ఊరి తగువులు నీటి నడుమే తీరేవి. ఎందుకంటే అలిగి లేచిపోవడానికి అక్కడ వీలుండదు. మోటారు చప్పుడులో పక్కవాడి మాటే వినపడదు.

వంతెనల గురించి కూడా చెబుతాను, కోపగించుకోకండి. మా దిగువన బలిమెల జలాశయం అవతల చిత్రకొండ వైపు 151 ఊళ్లు ఏళ్ల తరబడి నీటి మధ్య చిక్కుకుని ఉండిపోయాయి. 2018లో ఒడిశా ప్రభుత్వం అక్కడ గురుప్రియ వంతెన తెరిచింది, దాదాపు కిలోమీటరు పొడవు. వంతెన తెరిచినరోజు అక్కడి ముసలివాళ్లు ఏడ్చారంటే నేను నమ్ముతాను. నేనూ ఏడ్చేవాణ్నే. నొప్పులు పడుతున్న ఆడమనిషిని డోలీ కట్టి కొండ దింపి, రాత్రిపూట దోనెలో పడుకోబెట్టి, అవతల మళ్లీ డోలీ ఎత్తిన చేతులు నావి కూడా. అలా తీసుకెళ్లినవాళ్లలో తిరిగి రానివాళ్లున్నారు. రోడ్డు వద్దనే హక్కు నాకు లేదు. లైఫ్ జాకెట్టు వద్దని కూడా అనను. మా రోజుల్లో అది ఉంటే ఇవాళ బతికుండాల్సినవాళ్లు బతికుండేవాళ్లు. తొడుక్కోండి, తాళ్లు గట్టిగా కట్టుకోండి. ఎక్కువమందిని ఎక్కించే పడవ ఎక్కకండి, పడవవాడు చుట్టమైనా సరే.

నా ఏడుపల్లా వేరు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మన పెద్దలు ఊరికే అన్నారా? రోడ్డు పడ్డ ఊళ్లో పడవవాడి సంగతి అడిగేవాడు లేడు. కుంచెడు చోళ్లిచ్చే ఇల్లు లేదు. వాడి కొడుకు ఆటో నడుపుతున్నాడు, కోడలు ఉపాధి పనికి పోతోంది. అటకమీద తెడ్డు ఎలుకలు కొరుకుతున్నాయి. మరోపక్క, టూరిస్టుల కోసం చెరువుల్లో పెట్టిన పడవలకి నేర్పేవాణ్ని తేవాలంటే మైదానం నుంచి తెస్తారు. ఇదిగో ఈ ఒడ్డున పుట్టి, ఈ నీటిమీద తల నెరిసినవాడు పక్కనే మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముకుంటూ కూర్చుంటాడు, వాణ్ని అడగరు. ఎందుకంటే వాడి దగ్గర సర్టిఫికెట్టు లేదు.

పోయిన విద్య తిరిగి రాదా అంటే, వస్తుంది. హవాయి వాళ్ల సంగతే తీసుకోండి. వాళ్ల జోడు పడవలూ, చుక్కల్ని బట్టి నడిపే విద్యా చచ్చిపోయాయని అందరూ అనుకున్నారు. హోకులేఆ అనే జోడు పడవ కట్టుకుని, 1976లో దిక్సూచి లేకుండా, పటాలు లేకుండా తాహితి దాకా వెళ్లారు. దారి చూపించడానికి తమలో ఎవరూ మిగల్లేదు గనక, ఎక్కడో సతవాల్ అనే చిన్న దీవి నుంచి మౌ పియాయిలుగ్ అనే ఆయన్ని వెతికి పట్టుకొచ్చుకున్నారు. పరాయివాడని చూడలేదు. ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. తరవాత వాళ్ల పిల్లలకి అదే బడిపాఠమైంది. మనకి అంత దూరం పోనక్కర్లేదు. ముంచింగిపుట్టు బస్సు దిగితే చాలు. వెనక తెడ్డు పట్టగల మనుషులు ఇంకా ఉన్నారు. ఆడవాళ్లూ ఉన్నారు. అయితే అందరూ అరవై దాటినవాళ్లే.

నేను ఆశ్రమ పాఠశాలలో మాస్టారుగా చేసినన్నాళ్లూ ఆటల పీరియడ్లో పిల్లలకి వాలీబాలే ఇచ్చాం. అప్పటి పాఠాల జాబితాలో ఈత లేదు, తెడ్డు లేదు, మునిగిన ఊళ్ల పేర్లు లేవు. నీటి ఒడ్డున ఉన్న బడిలో నీటి గురించి ఒక్క పేజీ లేదు. ఇప్పటికైనా పెట్టండి. ఐటీడీఏ వాళ్లు గాని, పర్యాటకశాఖ వాళ్లు గాని చదువుతుంటే వాళ్లకీ ఇదే మనవి. ప్లాస్టిక్ పడవలు కొనే డబ్బులో ఒక వంతు తీసి ఆ ముసలివాళ్లకి జీతంగా ఇవ్వండి, ఒడ్డునున్న బడి పిల్లలకి వారానికొక పూట నేర్పించమనండి. ముందు ఈత, తరవాత గెడ, చివరికి వెనక తెడ్డు. జాకెట్లు తొడిగే నేర్పించండి.

మీరు కూడా, బాబూ, ఈ చలికాలం అరకు వస్తే రైలు దిగి ఫోటోలు తీసుకుని వెనక్కి పోకండి. మత్స్యగెడ్డ ఒడ్డుకి రండి. రేవులో ఎవరైనా పెద్దాయన్ని "మావా, వెనక కూర్చోనిస్తావా" అని అడగండి. ఆయన మొదట మిమ్మల్ని ముందు కూర్చోబెడతాడు, చేతులు బొబ్బలెక్కేదాకా వెనక్కి రానివ్వడు. ఓర్చుకోండి. దిగేటప్పుడు డబ్బులు ఆయన అడిగినన్ని ఇవ్వండి, బేరం ఆడకండి.